పిడికిలి టీచరు గారు

పోయిన వారం హనుమాన్ జంక్షన్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. లారీ సామాన్ల కొట్లో బేరాల మధ్య చేసే ఫోను కాబట్టి ఏ సంగతైనా రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. "అక్కా, నన్ను కాలవలో ముంచబోయిన టీచరమ్మ పోయిందంట. తొంభై దగ్గర పడ్డాయంటలే," అని నవ్వాడు. ఆ నవ్వులో దుర్మార్గం ఏమీ లేదు. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ప్రతి పెళ్లిలోనూ, ప్రతి బారసాలలోనూ వాడు ఆ కథ చెప్తాడు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ కథ తప్పు. తప్పని తెలిసినవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం, ఆవిడా నేనూ. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాయక తప్పదు.

ఆవిడ పొట్టి మనిషి. సన్నంచు తెల్లచీర, నల్లగొడుగు, ముంజేతికి లోపలి వైపు తిప్పి కట్టుకున్న వాచీ. సుద్దముక్క జడముడిలో గుచ్చుకునేవారు, సాయంత్రానికి మెడ వెనక తెల్లటి పొడి రాలి ఉండేది. మా ఊరు పామర్రు దాటి నాలుగైదు మైళ్లు లోపలికి, కాలవను ఆనుకుని ఉంటుంది. మిషను బడి కాలవకు అవతలి గట్టున, పేట చివర. ఆవిడ ఇల్లూ అక్కడే. ఊళ్లో పిల్లలందరం పిట్టగోడలు కూలిపోయిన పాత వంతెన దాటి ఆ బడికి పోవాలి. ఏ పిల్లని ఒంటరిగా వంతెన దాటనివ్వవచ్చో, ఏ పిల్లకి ఇంకా పెద్దవాళ్ల తోడు కావాలో మా ఊరి తల్లులకు తెలిసేది కాదు. ఆవిడకు తెలిసేది.

"వీడికింకా గడియ పడలేదండీ. ఇంకో ఏడాది చెయ్యి పట్టుకునే తీసుకురండి," అనేవారు. లేకపోతే, "దీనికి పడింది. పంపించొచ్చు." తలుపుకి గడియ వేసినట్టే పిల్లల లోపల కూడా ఒక గడియ ఉంటుందనీ, అది పుట్టుకతో రాదనీ, రోజూ కాస్త కాస్త తోస్తే ఎప్పటికో పడుతుందనీ ఆవిడ నమ్మకం. ఆ మాట ఊరంతా పాకింది. కిరసనాయిలు కోసం పిల్లల్ని కొట్టుకి పంపేముందు కూడా "మీవాడికి గడియ పడిందా?" అని ఒకరినొకరు అడిగేవారు. మా నాయనమ్మ ఆవిణ్ని గడప దాటనిచ్చేది కాదు. అరుగు మీద కూర్చోబెట్టి, చూరులో విడిగా పెట్టిన గ్లాసులో టీ పోసేది. అయినా మనవల సంగతి మాత్రం ఆవిణ్నే అడిగేది. మా పెద్దవాళ్లకు ఈ రెండూ ఒకేసారి చేయడం ఇబ్బందిగా ఉండేది కాదు.

"ముందు చెయ్యి ఆగుద్దమ్మా. తర్వాత నోరు ఆగుద్ది. మనసు ఆగేసరికి మీసాలొస్తాయి," అని నాయనమ్మకు చెప్పేవారు. "కొంతమందికి మీసాలు తెల్లబడ్డా ఆగదనుకోండి," అని మా నాన్న వైపు చూడకుండా చేర్చేవారు. మా నాన్న పేకాట సంగతి కాలవకు రెండు వైపులా తెలుసు.

బడిలో మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. నలభైమందిమి వసారాలో బారుగా కూర్చుంటే పళ్లేల్లో వేడివేడిగా పడేది. ఆఖరి పిల్లకి వడ్డించి, ప్రార్థన అయి, ఆవిడ "ఊఁ" అనేదాకా ఎవరూ ముట్టకూడదు. ఆ "ఊఁ" ఆవిడ రోజురోజుకీ కాస్త ఆలస్యం చేసేవారు. నాలుగేళ్లవాళ్లు చెయ్యి పెట్టేసేవారు, ఆవిడ కొట్టేవారు కాదు, చెయ్యి కడిగించి మళ్లీ కూర్చోబెట్టేవారు. అయిదేళ్లవాళ్లు చేతులు కింద పెట్టుకుని వాటి మీద కూర్చునేవారు. ఆరేడేళ్లవాళ్లు పెంకుల కప్పు వైపు చూస్తూ దూలాలు లెక్కపెట్టేవారు. "చూశారా, దానికి ఉపాయం తెలిసింది," అని ఆవిడ సంబరపడేవారు. ఆకలిని ఆపడం ఎవరి వల్లా కాదనీ, కళ్లని ఆపడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చనీ నాకు చెప్పింది ఆవిడే. పరీక్షలప్పుడూ, పురుళ్లప్పుడూ అది నాకు పనికొచ్చింది.

మా తమ్ముడు బాబ్జీ ఒక్కడు లొంగలేదు. పళ్లెంలో పడీపడకముందే వేళ్లు నోట్లో ఉండేవి. వాడితో ఏడాదిపాటు కుస్తీ పట్టారు. చివరికి ఒకనాడు కాకి వచ్చి వాడి పళ్లెం అంచున వాలింది. ఉప్మా ముద్ద ముక్కున కరుచుకుని ఎగిరింది, మళ్లీ వచ్చింది, మళ్లీ తీసుకెళ్లింది. మా తమ్ముడు చేతుల మీద కూర్చుని కప్పు వైపు చూస్తున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఆవిడ వాడి తల నిమిరి, ఇంకో రెండు గరిటెలు వేయించి, ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, "మీవాడికి పడిందండీ గడియ," అని చెప్పారు. నాయనమ్మ దిష్టి తీసింది. నలభైమంది పిల్లలు చప్పుడు చేయకుండా కూర్చుని చూస్తుంటే కాకి పళ్లెంలో తింటున్న దృశ్యం ఇప్పుడు తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోజు మాత్రం గర్వపడ్డాను.

ఆవిడ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది పిడికిలి ఆట. ఆవిడ అరచెయ్యి ఎత్తి, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ మడిచేవారు. పిడికిలి బిగిసేసరికి ఎక్కడివాళ్లం అక్కడ బిగుసుకుపోవాలి. తర్వాత పెద్ద పిల్లల్ని ఉసిగొల్పేవారు. వాళ్లొచ్చి చింతకాయ చూపించేవారు, "ఒరేయ్, మీ అమ్మ పిలుస్తోంది రా" అనేవారు, "పాము" అని అరిచేవారు. కదిలినవాడు ఓడినట్టే. మూసినవాళ్లే తెరవాలి, ఇంకెవరు పిలిచినా లెక్కలేదు, ఆటకున్న కట్టుబాటు అదొక్కటే. బడి వదిలాక మేం మాకంటే చిన్నవాళ్ల మీద అదే ఆట ఆడేవాళ్లం. నేను పిడికిలి బిగిస్తే మా తమ్ముడు జామచెట్టు కింద గంటసేపైనా నిలబడేవాడు.

ఇంకొక ఆట ఉండేది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చింతపిక్కలూ తెల్ల గులకరాళ్లూ కలిపి పోసేవారు, రెండింట్లోనూ పెద్దవీ చిన్నవీ ఉండేవి. ముందు నల్లవన్నీ ఒక పక్క, తెల్లవన్నీ ఒక పక్క వేయమనేవారు. చకచకా వేసేవాళ్లు. సగంలో ఆపి, "ఇప్పుడు రంగు కాదు. పెద్దవి ఇటు, చిన్నవి అటు," అనేవారు. ఏడేళ్లవాళ్లు వెంటనే మారిపోయేవారు. అయిదు లోపువాళ్లని "ఇప్పుడేం చెప్పాను?" అని అడిగితే "పెద్దవి ఇటు, చిన్నవి అటు" అని తు.చ. తప్పకుండా అప్పజెప్పేవారు. అప్పజెబుతూనే నల్లవి ఇటూ తెల్లవి అటూ వేసేవారు. "నోటికి కొత్త మాట తెలుసు, చెయ్యి పాత మాటే వింటంది," అని ఆవిడ పగలబడి నవ్వేవారు. బాబ్జీ ఆ ఆటలో అందరికంటే ఎక్కువ నవ్వించేవాడు.

డెబ్భై రెండో, డెబ్భై మూడో. నాకు తొమ్మిది నిండలేదు, వాడికి అయిదు నిండి రెండు నెలలు. ఎండాకాలం మా కాలవలు కట్టేస్తారు. రెండు నెలలు కాలవ ఎండిపోయి, అడుగున ఒండ్రు నెర్రెలిచ్చి ఉంటుంది. బెజవాడ దగ్గర నీళ్లు వదిలేముందు ఊళ్లో చాటింపు వేస్తారు. చాటింపు వేసిన మూడో రోజుకి గానీ మా ఊరికి నీళ్లు రావు, ఎప్పుడూ అంతే. ఆ రెండు రోజుల్లో ఆడవాళ్లు కాలవలోకి దిగి, ఏడాదికి సరిపడా పొయ్యిలు మెత్తుకోవడానికి ఒండ్రుమట్టి తట్టలతో మోసుకునేవారు. ఆ ఏడు పైన ఏం చేశారో, ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. మా లెక్క మాత్రం తప్పింది.

చాటింపు మర్నాడు మధ్యాహ్నం. అన్నాలు తిని ఊరు ఊరంతా పడుకుని ఉంది. నాయనమ్మ, "రెండు తట్టలు మట్టి పట్రావే. ఇంకా రేపంతా ఉందిగానీ, రేపు జనం ఎగబడతారు. తమ్ముణ్ని లేపమాక," అని చాప మీద వాలింది. తమ్ముడు పడుకోలేదు. వీధి మలుపు దాకా నా వెనకే వచ్చేశాడు. వెనక్కి పంపిస్తే ఏడుస్తాడు, ఏడిస్తే నాయనమ్మ లేస్తుంది. తీసుకెళ్లాను.

వంతెన కింద, నడిమి దిమ్మె పక్కన ఒండ్రు దిబ్బ ఉండేది. మట్టి అక్కడే మెత్తగా బాగుంటుంది. తట్ట నింపాను. నిండిన తట్టతో వాణ్ని కూడా పట్టుకుని ఆ నిలువు గట్టు ఎక్కడం నావల్ల కాదు. వాణ్ని దిబ్బ మీద నిలబెట్టి చెయ్యి ఎత్తాను. ఒక్కో వేలూ మడిచాను. వాడు బిగుసుకుపోయి వంతెన కప్పు వైపు చూడటం మొదలుపెట్టాడు. "నేనొచ్చి తీసేదాకా," అన్నాను.

మట్టి మా పెరట్లో పోసి తిరిగొస్తుంటే, కమ్మరి కొలిమి ముందు ఎద్దుకి నాడాలు కొడుతున్నారు. దాన్ని పడదోసి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి, ఒకడు తల మీద కూర్చున్నాడు. అది నాకు ఎప్పుడూ చూడాలనిపించేది. నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు, రెండు గిట్టలు అయ్యాయి. తమ్ముణ్ని మర్చిపోయాననడం కూడా సరికాదు. మర్చిపోవాలంటే తలలో ఏదో ఒక మూల ఉండాలి కదా, వాడు నా తలలో ఎక్కడా లేడు.

అటునుంచి ఎవరో "కాలవొచ్చిందర్రా" అని కేకేశారు. సుత్తులు అక్కడే పడేసి అందరూ లేచారు. ఆడవాళ్లు కొత్తనీటికి పసుపూ కుంకుమా పట్టుకుని ఇళ్లలోంచి బయల్దేరారు. నేనూ వాళ్లతో పరిగెత్తాను, నీళ్లు చూడటానికి. వంతెన కనబడేదాకా సంతోషంగా పరిగెత్తాను. ఆ సంతోషమే నేను క్షమించుకోలేకుండా ఉన్నాను.

గట్టు మీద అప్పటికే పాతికమంది ఉన్నారు. ఎర్రటి నీళ్లు నురగా, గడ్డీ, ఎవరిదో చెప్పూ మోసుకుంటూ వస్తున్నాయి. దిబ్బ మునిగిపోయింది. దిమ్మె పక్కన మా బాబ్జీ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి వంతెన కప్పు చూస్తున్నాడు. మొదట అందరూ నవ్వారు. "ఒరే అబ్బాయ్, నడిచొచ్చెయ్ రా, లోతు లేదు," అని పిలిచారు. "మీ అమ్మొచ్చింది రా," అన్నారు. "పంతులమ్మ శిష్యుడ్రా వీడు, కదలడు," అని ఒకాయన చమత్కరించాడు. ఎంత పిలిస్తే వాడంత బిగుసుకున్నాడు. పిలిచినా రానివాడే కదా గెలిచేది.

నీళ్లు నడుముకొచ్చాయి. నవ్వులు ఆగిపోయాయి. ఒక కుర్రాడు దిగాడు. గట్టుకీ దిబ్బకీ మధ్య వడి వాడి కాళ్లు లాగేసింది, తుంగ పట్టుకుని ఎలాగో పైకొచ్చాడు. మోకు కోసం ఒకరు పరిగెత్తారు. అప్పటికి నేను జనం కాళ్ల మధ్య నుంచి దూరి ముందుకొచ్చాను.

అవతలి గట్టున ఆవిడ కనబడ్డారు. వాణ్ని ఒక్క చూపు చూశారు. పిలవలేదు. అక్కడున్న ఇంతమందిలో పిలవకూడదని తెలిసింది ఆవిడొక్కరికే. గొడుగు పడేసి, చీర దోపుకుని దిగిపోయారు. ఆవిడకు ఈత రాదు. గుండెల్లోతులో దిమ్మె పట్టుకుని వాడి దగ్గరికి చేరారు. చెయ్యి పట్టుకుంటే వాడు విదిలించుకున్నాడు. దిమ్మెలో ఇటుకలూడిన సందులో వేళ్లు దూర్చి పట్టుకున్నాడు. ఆవిడ ఆ వేళ్లు విడదీస్తుంటే మణికట్టు మీద కొరికాడు. పిడికిలి మూసింది ఆవిడ కాదు మరి. నీళ్లు వాడి చుబుకానికి వచ్చాయి.

అప్పుడు వాడి చూపు ఆవిడ భుజం మీదుగా నా మీద పడింది. నేను చెయ్యి నడుము దాకా ఎత్తి, ఎవరూ చూడకుండా, వేళ్లు తెరిచాను. వాడు వెంటనే దిమ్మె వదిలేసి ఆవిడ మెడ కౌగిలించుకున్నాడు. అందరూ వాణ్నే చూస్తున్నారు. ఆవిడొక్కరే తల తిప్పి, వాడు ఎవర్ని చూశాడో చూశారు. అంతలోనే వడి ఇద్దర్నీ వంతెన కింద లోపలికంటా తోసేసింది. అవతలి వైపు తేలేదాకా గట్టు మీద ఎవరూ ఊపిరి తీసుకోలేదు. మోకు వేసి లాగారు. ఆవిడ జడముడి ఊడిపోయి జుట్టు మొహమంతా అంటుకుని ఉంది. బాబ్జీ దగ్గుతూ, "నేనే గెలిచా," అన్నాడు.

నాలుగు రోజులకి బడి కరస్పాండెంటు గారు పామర్రు మీదుగా జీపులో వచ్చారు. మా అరుగు మీద కుర్చీలు వేశారు. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు, స్తంభం పక్కన నిలబడ్డారు, మణికట్టుకి గుడ్డ కట్టి ఉంది. మా నాన్న, "పిల్లల్ని కొయ్యబొమ్మల్ని చేసిందండీ ఈవిడ. పిలిస్తే పలకరు. ఆ ఆట ఆడతా ఒక్కడే పోయి కాలవలో నిలబడ్డాడు," అన్నాడు. ఊరివాళ్లు తలలూపారు. తమ్ముణ్ని అడిగితే జ్వరంలో, "టీచరు గారి ఆట," అని మాత్రం చెప్పాడు. జ్వరం తగ్గాక వాడికి ఊరివాళ్లు చెప్పిన కథే మిగిలింది.

కరస్పాండెంటు గారు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నీకేమన్నా తెలుసా? వాణ్నక్కడ ఎవరన్నా నిలబెట్టారా?"

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నన్నే చూస్తున్నారు. కోపం లేదు, బతిమాలడమూ లేదు. బడిలో పళ్లేల ముందు కూర్చున్నప్పుడు మా వేళ్ల వైపు చూసే చూపే అది. నేను రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాను.

"పసిదాన్నేం అడుగుతారండీ," అన్నారు ఆవిడ. "ఆట నాదే. నేర్పింది నేనే."

బదిలీ కాగితం వారంలో వచ్చింది. వెళ్లేముందు ఆవిడ రెండు గట్ల మీదా ఇల్లిల్లూ తిరిగారు. "మీ పిల్లకి గడియ పడిందని చెప్పానండీ. ఆ మాట వెనక్కి తీసుకుంటన్నా. ఒంటరిగా పంపమాకండి," అని ప్రతి ఇంటి ముందూ నిలబడి చెప్పారు. కొందరు తలుపులేసుకున్నారు. మా ఇంటి ముందుకొచ్చినప్పుడు నాయనమ్మ టీ ఇవ్వలేదు. చూరులో గ్లాసు తీసి అంతకుముందే పెంటలో పారేసింది.

మళ్లీ ఆవిణ్ని చూసింది ఒక్కసారే, డెబ్భై తొమ్మిదిలో. నేను బెజవాడలో ఇంటర్ చదువుతున్నాను. అప్పటికి బెంజ్ సర్కిల్ అంటే ఊరి శివారు కింద లెక్క. సిటీ బస్సు కోసం నిలబడితే, పక్కన నల్లగొడుగు. జుట్టు సగం నెరిసింది.

"నేనండీ టీచరు గారూ. బాబ్జీ వాళ్ల అక్కని."

"తెలిసిందమ్మా. ఎలా ఉన్నాడు వాడు? చెప్పిన మాట వింటున్నాడా?"

"అస్సలు వినడండి. నాన్నకి రోజూ వాడితో గొడవే."

"అమ్మయ్య," అన్నారు. ఏడేళ్లుగా పట్టుకున్న ఊపిరి వదిలినట్టే అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. "ఆ రోజు వాణ్నక్కడ నిలబెట్టింది..." అని మొదలుపెట్టాను.

"తెలుసు. నీ చెయ్యి చూశాను."

"మరి కరస్పాండెంటు గారికి చెప్పలేదేంటండీ?"

"ఏమని చెప్పమంటావ్? తొమ్మిదేళ్లు నిండలేదు నీకు. మీ నాయనమ్మ సంగతి నాకు తెలీదా. తమ్ముణ్ని చంపబోయిన పిల్లవని నువ్వు కాటికిపోయేదాకా అనేది ఊరు. నాకప్పటికి నలభై అయిదు. బదిలీ అంటే ట్రంకు పెట్టె సర్దుకోవడమే." గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. మణికట్టు మీద పళ్ల గుర్తులు తెల్లగా ఉన్నాయి. "అయినా, ఊరికే నీ కోసం మోశాననుకోమాక. ఆ వయసు పిల్లకి రెండు పనులు తలలో నిలవ్వని నాకు తెలుసు. ఆ వయసు పిల్లాడికి మాట మార్చుకోవడం చేతకాదనీ తెలుసు. చింతపిక్కలాటలో రోజూ నా కళ్లముందే జరిగింది. నవ్వాను. ఆగడం ఒకటే నేర్పి, అదే పెద్ద విద్యనుకున్నాను."

బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగారు. "నాకు చెప్పావుగా, చాలు. వాడికి చెప్పు ఎప్పుడన్నా. తొందరేం లేదు."

తొందరేం లేదన్నారు కదా అని నేను ఇన్నేళ్లు తీసుకున్నాను. ఆవిడ వల్ల చావు తప్పిన మనిషి, ఆవిడ వల్లే చావబోయానని నా ఎదురుగా వందసార్లు చెప్పాడు. తొమ్మిదేళ్లప్పుడు నోరు మెదపకపోవడానికి వయసు సాకుంది. ఇరవైకి లేదు, నలభైకి లేదు. ఆవిడ మా ఊళ్లో మళ్లీ అడుగు పెట్టలేదు. నిన్న సమాధి దగ్గర జ్ఞాపకార్థ ప్రార్థనకి మా ఊరివాళ్లు ఒక్కరూ లేరు. నేను వెళ్లాను, ఎవరని అడిగితే పాత స్టూడెంటునని చెప్పాను.

ఆవిడకు కూడా చెప్పని ముక్క ఒకటి ఉంది.

బాబ్జీ, నిన్ను దిబ్బ మీద నిలబెట్టింది టీచరు గారు కాదు, నేను. నీళ్లు నీ నడుముకొచ్చేసరికే నేను గట్టు మీద అందరికంటే ముందున్నాను. చెయ్యి ఎత్తితే నిలబెట్టింది నేనేనని అందరికీ తెలిసిపోతుందని, అవి నీ చుబుకానికి వచ్చేదాకా ఆగాను.